జుకినీ బదులు బీరకాయ: వంటల పేజీకి కర్నూలు నుంచి ఒక విన్నపం

గౌరవనీయులైన సంపాదకుల వారికి,

నమస్కారం. ఆదివారం మీ పత్రికలో వచ్చే వంటల పేజీని నేను కత్తిరించి దాచుకుంటాను. నేను ఇంట్లోనే జాకెట్లు కుట్టేదాన్ని. కుట్టుమిషను డ్రాయరులో దారపు రీళ్ల పక్కన ఒక ఫైలు నిండా ఆ కాగితాలే ఉంటాయి. మూడు వారాల కిందట 'ఆరోగ్యకరమైన వెజిటబుల్ పాస్తా' అని ఒక వంట వచ్చింది. మా అమ్మాయి ఎనిమిదో తరగతి, అబ్బాయి ఐదో తరగతి. ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి ఇద్దరూ నన్ను కూర్చోనివ్వలేదు. సరే చేద్దామని కాగితం చేతిలో పట్టుకుని సి.క్యాంపు రైతు బజారుకు పోయాను.

జుకినీ ఉందా అని అడిగితే, నేను ఎప్పుడూ కొనే ఆమె 'అదేం కాయమ్మా, నేనెప్పుడూ వినలే' అంది. బ్రోకలీ ఆ రోజు ఎక్కడా కనబడలేదు. ఎరుపు, పసుపు క్యాప్సికం కూడా లేదు, పచ్చది ఒకటే ఉంది. ఆలివ్ నూనె కోసం సూపర్‌మార్కెట్‌కు పోయి చిన్న సీసా తీసుకుని, దాని మీద ధర చూసి మళ్లీ అక్కడే పెట్టేశాను. ఒరెగానో, పార్మేజాన్ చీజ్ సంగతి ఇక అడగనే లేదు. కాగితంలో రాసినవన్నీ కొంటే ఆ ఒక్క పూటకే మా ఇంటి వారం కూరగాయల డబ్బులు అయిపోయేవి.

మీ పేజీని తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. ఆ రోజు వట్టి చేతులతో రాలేక జుకినీ బదులు లేత బీరకాయలు, బ్రోకలీ బదులు బీన్స్, తియ్య గుమ్మడికాయ ముక్క, అర కిలో టమోటాలు కొనుక్కొచ్చాను. వాటితోనే పాస్తా చేశాను. మా ఇంట్లో ఐదుగురం ఉన్నాం, ఐదుగురూ తిన్నారు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం చేస్తున్నాను. అందుకే అడుగుతున్నాను, మా బజారులో దొరికేవాటితో ఈ వంట ఎలా చెయ్యాలో మీరే ఎందుకు రాయకూడదు?

పాస్తా మనది కాదు, పిల్లలకు అలవాటు చెయ్యొద్దు అనేవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. కానీ పిల్లలకు ఆ అలవాటు ఎప్పుడో అయిపోయింది. మా అమ్మాయి ట్యూషన్ పక్కనే ఒక బండి ఉంది. అక్కడ వైట్ సాస్ పాస్తా అని ప్లాస్టిక్ గిన్నెలో పెట్టిస్తారు. ఒకరోజు సగం తిని మిగిలింది ఇంటికి తెచ్చింది. చెంచాతో పక్కకు జరిపి చూశాను. మూడు క్యారెట్ ముక్కలు, నాలుగు స్వీట్‌కార్న్ గింజలు. మిగతాదంతా మైదా, వెన్న, చీజ్. చల్లారేసరికి గిన్నె అంచున నెయ్యి పేరుకున్నట్టు తెల్లగా గడ్డకట్టింది. ఆ రాత్రి పిల్ల అన్నం తినలేదు, కడుపులో బరువుగా ఉందని పడుకుంది. తినొద్దు అంటే పిల్లలు చాటుగా తింటారు. ఇంట్లో బాగా చేసి పెడితే బండి దగ్గరికి పోయే పని ఉండదని నాకు ఆ రోజే అనిపించింది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఈ వంట మొదలుపెట్టక ముందు ఒకసారి నేను కిరాణా కొట్లో గోనెసంచిలోంచి తూకం వేసి ఇచ్చే మాకరోనీ తెచ్చాను. ప్యాకెట్టు లేదు, దాని మీద రాత లేదు. ఎసట్లో వేసిన ఐదు నిమిషాలకే మెత్తబడి, గరిటె తిప్పేసరికి విరిగి, చివరికి పిండి ముద్ద అయింది. తర్వాత తెలిసింది, అది మైదాతో చేసిందని. అసలు పాస్తా డ్యూరమ్ అనే గట్టి గోధుమ రవ్వతో చేస్తారు. ఇటలీలో 1967 నుంచి ఎండు పాస్తాను ఆ రవ్వతోనే చెయ్యాలని చట్టమే ఉంది. డ్యూరమ్ అంటే మనకు తెలియని వస్తువేం కాదు. మనం ఉప్మాకు తెచ్చుకునే పసుపురంగు బన్సీ రవ్వ కూడా ఈ జాతి గోధుమదే. బన్సీ రవ్వ ఉప్మా ముద్ద కట్టకుండా పలుకు పలుకుగా ఎందుకు వస్తుందో, మంచి పాస్తా ఉడికినా విరగకుండా ఎందుకు నిలబడుతుందో, రెండింటికీ కారణం ఒకటే.

కాబట్టి ప్యాకెట్టు కొనేటప్పుడు వెనక్కి తిప్పి చదవాలి. అందులో ఏ దినుసు ఎక్కువ బరువు ఉంటే దాన్ని ముందు రాయాలన్నది మన దేశంలో నియమం. మొదటి మాట 'డ్యూరమ్ గోధుమ రవ్వ' అని ఉంటే తీసుకుంటాను. 'మైదా' అని ఉంటే పెట్టేస్తాను. మసాలా పొట్లంతో వచ్చే రెండు నిమిషాల రకాలైతే సోడియం ఎంతుందో చూస్తాను. ఆ అంకెను రెండున్నరతో గుణిస్తే ఉప్పు ఎంతో తెలుస్తుంది. రోజు మొత్తానికి ఒక మనిషికి 5 గ్రాముల లోపే ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, అంటే చిన్న చెంచాకు కొంచెం తక్కువ. మాది పచ్చళ్లూ కారం పొళ్లూ లేకుండా ముద్ద దిగని సీమ. ఉప్పు లెక్క మాకు ముందే ఎక్కువ, ఆ పైన పొట్లం ఉప్పు దేనికి? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన 17 ఆహార సూత్రాల్లో ప్యాకెట్టు మీది రాత చదవడం కూడా ఒకటి. మా అబ్బాయికి ఇప్పుడు అదొక ఆట అయింది. కొట్లో ప్రతి పొట్లం తిప్పి, కూడబలుక్కుని చదివి, 'అమ్మా, ఇందులో మొదటిదే చక్కెర' అని గట్టిగా చెబుతాడు.

ఇక వంట. మా ఇంటి లెక్క పావు కిలో పాస్తాకు కిలో కూరగాయలు. అర కిలో టమోటా, పావు కిలో తియ్య గుమ్మడి, మిగతా పావు కిలో బీరకాయ, క్యారెట్, బీన్స్ కలిపి. ఇవి కాక ముందురోజు రాత్రి నానబెట్టి ఉడికించిన అలసందలు రెండు గుప్పెళ్లు. బండి మీద ఇచ్చేదానికీ దీనికీ తేడా అంతా ఈ తూకంలోనే ఉంది. ఎంత ఆరోగ్యం అని పేరు పెట్టినా పాస్తా ఎక్కువ, కూరగాయలు తక్కువ అయితే అది వట్టి గోధుమ వంటే.

వెడల్పు గిన్నెలో రెండున్నర లీటర్ల నీళ్లు ఎసరు పెడతాను. నీళ్లు తెర్లేటప్పుడు ముందుగా టమోటాలకు అడుగున అడ్డంగా నిలువుగా గాటు పెట్టి ఆ నీళ్లలోనే ఒక నిమిషం వేసి తీస్తాను. తొక్క దానంతటదే ఊడొస్తుంది. తర్వాత ఆ నీళ్లలోనే రెండు చిన్న చెంచాల ఉప్పు, పాస్తా. మొదటి నిమిషం కలుపుతూ ఉండాలి, లేకపోతే అడుగున అంటుకుంటుంది. ప్యాకెట్టు మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిదో నిమిషానికే ఒకటి తీసి చూస్తాను.

ఇక్కడ మా అత్తమ్మ గురించి చెప్పాలి. ఆమెకు డెబ్బై దాటాయి. మొదటి ఆదివారం వంటింటి గడప దగ్గర పీట వేసుకుని కూర్చుని 'ఏం గొట్టాలమ్మా ఇవి' అని చూస్తూ ఉంది. ఉడికిందో లేదో నాకు అర్థం కాక, గడియారం చూస్తూ టెన్షన్ పడుతున్నాను. ఆమె లేచి వచ్చి, గరిటెతో ఒక గొట్టం తీసి, ఊది, అన్నం మెతుకు చూసినట్టు రెండు వేళ్ల మధ్య నొక్కింది. గోరుతో తుంచి నా ముందు పెట్టింది. మధ్యలో సన్నని తెల్లటి గీత. 'ఇంకా పలుకుంది. ఈ పలుకు మీదే దించు, పొయ్యి మీద ఇంకా కూరలో ఉడకాల కదా' అంది. పాస్తా ఎప్పుడూ తినని మనిషి. కానీ ఇటలీ వాళ్లు చెప్పేదీ ఇదే, పంటికి తగిలేలా ఉండగానే దించాలని. అలా పలుకుగా ఉన్న పాస్తా నిదానంగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారిగా రక్తంలోకి ఎక్కదు. మా ఆయనకు రెండేళ్ల కిందట షుగర్ వచ్చింది. ఆయన గిన్నెలోకి నేను పాస్తా తక్కువ, అలసందలు, బీన్స్ ఎక్కువ వచ్చేలా చూసి పెడతాను.

వార్చేటప్పుడు గంజి మొత్తం పారబొయ్యకూడదు. ఒక గ్లాసు పక్కన పెట్టుకోవాలి. పాస్తాను చన్నీళ్లతో కడగనూ కూడదు. కడిగితే పైన అంటిన పిండి పోతుంది, ఇక గుజ్జు పాస్తాకు పట్టదు. ఈ రెండు మాటలు మీ పేజీలో రాలేదు. కొత్తగా చేసేవాళ్లకు ఎక్కువగా చెడేది మాత్రం ఇక్కడే.

బాణలిలో రెండు పెద్ద చెంచాల శనగ నూనె. పల్లీ పండించే సీమలో ఉండి ఆలివ్ నూనె కోసం వెతకాల్సిన పని లేదు. ఎనిమిది ఎల్లిగడ్డ రెబ్బలు చితక్కొట్టి వేసి, వాసన రాగానే సన్నగా తరిగిన రెండు ఉల్లిగడ్డలు, తొక్క తీసిన టమోటాలు. మూత పెట్టి నిదానంగా మగ్గనివ్వాలి, నూనె పక్కలకు తేలేదాకా. టమోటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ పచ్చిదాంట్లో కన్నా ఇలా నూనెలో మగ్గినప్పుడే ఒంటికి బాగా పడుతుంది. ఈలోగా గుమ్మడి ముక్కలు కుక్కర్‌లో ఒక్క విజిల్ రానిచ్చి, పప్పుగుత్తితో మెత్తగా ఎనిపి అందులో కలుపుతాను. వెన్నా మైదా లేకుండా గుజ్జుకు చిక్కదనం, కొంచెం తియ్యదనం వస్తాయి. పిల్లలు గుమ్మడికాయ కూర ముట్టరు, ఇది మాత్రం గిన్నె నాకుతారు. క్యారెట్, బీన్స్ ముందు, బీరకాయ చివర. బీరకాయ నీళ్లు వదులుతుంది, ముందే వేస్తే కరిగిపోతుంది. ఆ తర్వాత అలసందలు, వార్చిన పాస్తా, అర గ్లాసు గంజి. పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఎగరేసి దించడమే. గంజిలో ఉప్పు ఉంటుంది కాబట్టి గుజ్జులో వేసే ఉప్పు రుచి చూసి, చివర్లోనే వెయ్యాలి.

ఒరెగానో లేకపోతే పాస్తా వాసన రాదని మా అమ్మాయి బాధ. మా మెట్ల మీద కుండీలో వామాకు ఉంది, బజ్జీలకు వేసుకునేది. రెండు ఆకులు సన్నగా తరిగి చివర్లో వేశాను. 'అమ్మా, పిజ్జా వాసన వస్తోంది' అంది. నాకు ఆశ్చర్యమేసింది. తర్వాత సైన్సు చెప్పే మా పక్కింటి టీచరమ్మను అడిగితే, వామాకులోనూ ఒరెగానోలోనూ కార్వక్రోల్ అనే ఒకే వాసన పదార్థం ఉంటుందని చెప్పింది. ఎక్కువ వెయ్యకూడదు, ఘాటు. ఐదుగురికి రెండాకులు చాలు.

చీజ్ బదులు పప్పుల పొడి. బొరుగులతో చేసే మా ఉగ్గాని మీద చల్లుకునేదే. వేయించిన పప్పులు, ఎండుకొబ్బరి, ఎండుమిరపకాయలు, ఎల్లిగడ్డ వేసి దంచింది. అది పైన చల్లాక అత్తమ్మ మొదటి ముద్ద తిని, 'బొరుగులకు బదులు గొట్టాలేసి చేసిన ఉగ్గాని మాదిరుందే' అంది. ఆమె అలా అన్నాక మా ఇంట్లో ఇక ఇది పరాయి వంట కాలేదు. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే 'గొట్టాల ఉగ్గాని ఎప్పుడు' అని ఆమే అడుగుతుంది. మా చిన్నప్పుడు ఎండాకాలంలో అవ్వలు గోధుమపిండి తడిపి సేమ్యాలు ఒత్తి మంచాల మీద ఆరబెట్టేవాళ్లు. పాస్తా కూడా ఆ కోవదే కదా అని అత్తమ్మ అన్నప్పుడు నాకు నిజమే అనిపించింది.

సంపాదకుల వారికి అసలు చెప్పాలనుకున్నది టమోటా గురించి. మా పుట్టిల్లు పత్తికొండ దగ్గర పల్లె. మా అన్న ఎకరన్నరలో టమోటా వేస్తాడు. పత్తికొండ మార్కెట్ సంగతి మీ జిల్లా విలేకరులకు నా కన్నా బాగా తెలుసు. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు మా అన్న తోటలో కాయే లేదు. కాయ వచ్చినప్పుడు ధర ఉండదు. కిలో రూపాయికి పడిపోయిన రోజులు కూడా చూశాం. ఒక చలికాలంలో ఫోన్ చేసి, 'పాపా, కోత కూలీ కూడా వచ్చేట్టు లేదు. ఈ తూరి చెట్టు మీదే వదిలేసినా' అన్నాడు. ఆ మాటకు నేనేం చెప్పాలో తెలియక ఫోన్ పట్టుకుని ఊరకే ఉండిపోయాను. మరుసటి రోజు పొద్దున బస్సెక్కి పోయి రెండు సంచుల కాయలు కోసుకొచ్చుకున్నాను. సాయంత్రం దాకా మగ్గబెట్టి, దగ్గరికి ఇగరనిచ్చి, చిన్న డబ్బాల్లో పోసి ఫ్రీజర్‌లో పెట్టాను. ఐదు కిలోలకు కిలోన్నర దాకా గుజ్జు వచ్చింది. ఆ నెలంతా కూరలకూ, రసానికీ అదే వాడాను.

ఆ వారమే మీ జిల్లా పేజీలో రైతులు టమోటాలు రోడ్డు మీద పారబోసిన ఫొటో వచ్చింది. అదే ఆదివారం వంటల పేజీలో టమోటా ఒక్కటీ లేని వంటలు నాలుగు వచ్చాయి. రెండు కాగితాలూ నా ఫైల్లో ఒకదాని వెనక ఒకటి ఉన్నాయి. ఆ రెండు పేజీలు రాసేవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకుంటే బాగుంటుందని నా విన్నపం. ధర పడిన వారం ఆ కాయతో చేసుకునే వంటలు, ఎండబెట్టి వరుగులు చేసుకోవడం, గుజ్జు నిల్వ పెట్టుకోవడం ముద్రించండి. మా ఇళ్లలో రెండు కిలోలు ఎక్కువ కొన్నంత మాత్రాన పత్తికొండలో ధర లేవదని నాకు తెలుసు. దానికి గిడ్డంగులు కావాలి, గుజ్జు తీసే ఫ్యాక్టరీలు కావాలి, అది ప్రభుత్వం చెయ్యాల్సిన పని. దాని గురించి కూడా మీరు రాస్తూనే ఉండాలి. కానీ వేలమంది చదివే పేజీలో వంట రాసేటప్పుడు మా అన్నలాంటివాళ్లు పండించింది అందులో ఉండాలని అడగడం అత్యాశ కాదనుకుంటాను.

ఉల్లిగడ్డా అంతే. కర్నూలు మార్కెట్‌యార్డుకు ఉల్లి లారీలు వరస కట్టే నెలల్లో ఉల్లి ఎక్కువ పట్టే వంటలు వెయ్యండి. సన్న మంట మీద అరగంట వేయించిన ఉల్లి పాస్తాకు ఎంత బాగుంటుందో, ఒకసారి చేసి చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

ఇంకో చిన్న మాట. వంట రాసేటప్పుడు ఎంతమందికో రాయండి. 'తగినంత' అని కాకుండా ఉప్పూ నూనే చెంచాల్లో రాయండి. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్లకు వండేవాళ్లకు ఆ 'తగినంత' దగ్గరే చెయ్యి ఆగిపోతుంది. దొరకని వస్తువు రాస్తే పక్కనే దాని బదులు ఏం వాడొచ్చో ఒక్క మాట రాస్తే చాలు. జుకినీ గుమ్మడి కుటుంబానిదేనని, లేత బీరకాయో సొరకాయో వేసుకోవచ్చని ఆ రోజు మీ పేజీలో ఉండి ఉంటే నేను బజారు మొత్తం రెండుసార్లు తిరిగేదాన్ని కాదు.

చిరుధాన్యాల పాస్తా గురించి కూడా ఎవరైనా తెలిసినవాళ్లతో రాయించండి. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నారు. మా పక్కనే నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం వాళ్లు కొర్రల్లో సూర్యనంది లాంటి రకాలు విడుదల చేశారు. కొర్రలకు గోధుమలో ఉండే జిగురు ఉండదు కాబట్టి ఆ పాస్తా తొందరగా విరుగుతుంది. నేను రెండుసార్లు చేశాను. ఒకసారి కుదిరింది, ఒకసారి జావ అయింది. నీళ్లు ఎంత, నిమిషాలు ఎన్ని అన్నది పరీక్ష చేసి కొలతలతో ముద్రిస్తే మా వీధిలోనే పదిమంది చేసుకుంటారు.

నా కొలతలు మీకు పనికొస్తే ముద్రించండి, నాకేం అభ్యంతరం లేదు. పేరు వెయ్యక్కర్లేదు. ఈ ఆదివారం బీన్స్ బదులు గోరుచిక్కుడు వేసి చూస్తున్నాను. దాని వగరు పోవడానికి ముందే ఉడికించి నీళ్లు వంపాలా, నేరుగా నూనెలో వేయించాలా అన్నది అత్తమ్మకూ నాకూ ఇంకా తేలలేదు. తేలాక అదీ రాసి పంపుతాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
సి.క్యాంపు, కర్నూలు